మేనకోడలు గీసిన పుస్తకాల షాపు

విశాఖపట్నం పెదవాల్తేరు నుంచి ఒక పాఠకురాలు ఏడు పేజీల ఉత్తరం రాశారు. దాంతో పాటు ఐదు డ్రాయింగ్ షీట్ల ఫొటోలు పంపారు. పేరు వేయవద్దన్నారు. ఉత్తరం సారాంశం ఇది.

ఆవిడ వయసు 52. ఒక ప్రైవేటు స్కూల్లో 23 ఏళ్ళు లైబ్రేరియన్‌గా చేసి నిరుడు మానేశారు. మామగారు 1989లో కట్టిన రెండంతస్తుల ఇంట్లో ఉంటున్నారు. రోడ్డు వైపు కింద గది ఇన్నాళ్ళూ అద్దెకు ఉండేది, ఇప్పుడు ఖాళీ అయింది. 18 అడుగుల వెడల్పు, 24 అడుగుల పొడవు. అందులో తెలుగు పుస్తకాల షాపు పెట్టాలన్నది ఆవిడ చాలా ఏళ్ళ కోరిక. పీఎఫ్, చీటీల డబ్బు కలిపి చేతిలో 14 లక్షలున్నాయి.

తమ్ముడి కూతురు ఆర్కిటెక్ట్. చదువయ్యాక రెండేళ్ళుగా ఒక ఆఫీసులో పనిచేస్తోంది. "అత్తా, నీ షాపు నేనే గీస్తా" అని తనంతట తానే ముందుకొచ్చింది. ఐదు నెలల పాటు రాత్రిళ్ళు కూర్చుని షీట్లు తయారుచేసింది. డబ్బు మాట ఎత్తనివ్వలేదు. చూడగానే కళ్ళు చెమర్చాయని ఆవిడ రాశారు. గది మధ్యలో పైకప్పు స్లాబ్ కోసి రెండంతస్తుల ఎత్తు తెరిపి, ఆ ఎత్తంతా ఒక గోడకి పుస్తకాలు, పక్కన స్పైరల్ మెట్లు. తూర్పున రోడ్డు వైపు నేల నుంచి పైదాకా గాజు. దాని పక్కన కూర్చుని చదువుకోవడానికి అరుగు. పక్కసందులోంచి ర్యాంపు.

తర్వాత లెక్కలు వచ్చాయి. ఖర్చు అంచనా 23 లక్షలు. ఆ డ్రాయింగుల ప్రకారం పట్టే పుస్తకాలు 1,200. ఆవిడ రాసిపెట్టుకున్న జాబితాలో ఉన్నవి 4,500 కాపీలు. ఆవిడ భర్త తెలిసిన మేస్త్రీని పిలిచి చూపిస్తే, "స్లాబు, గాజు, అరుగు వదిలేద్దాం, ర్యాంపు మూడడుగుల్లో వేసేస్తా, మిగతాది 9 లక్షల్లో చేసేస్తా, బొమ్మలు ఇవ్వండి చాలు" అన్నాడు. భర్త అప్పుడే రెండు షీట్లు జిరాక్సు తీసి ఇచ్చేశారు. ఈ సంగతి ఆ అమ్మాయికి తెలియదు. మరదలు మాత్రం ఫోన్ చేసిన ప్రతిసారీ "మా పిల్ల నిద్ర మానుకుని గీసింది వదినా" అంటోంది. అమ్మాయి అప్పుడే ప్రారంభోత్సవానికి స్నేహితుల్ని పిలుస్తానంటోంది.

ఆవిడ ప్రశ్న ఆవిడ మాటల్లోనే: "నిజం చెబితే తమ్ముడింటికీ నాకూ మధ్య మాటలు ఉండవేమో. చెప్పకపోతే నా షాపు నాది కాకుండా పోతుంది. రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?"

*

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను, షీట్లు అంతకన్నా ఎక్కువసార్లు చూశాను. చిన్నప్పుడు కొన్నేళ్ళు పుస్తకాల షాపులో కౌంటర్ దగ్గర పనిచేసినదాన్ని. ఆ అనుభవంతో ఆ డ్రాయింగులు చూస్తుంటే ఒక విషయం స్పష్టంగా కనిపించింది. మీరు మీ టెన్షన్‌ని తమ్ముడింటి గొడవగా చూస్తున్నారు. నాకు మాత్రం అది ముందు ఒక వాక్యం దగ్గర మొదలైనట్టు అనిపిస్తోంది. నాలుగో పేజీలో మీరే రాశారు: "నీకు తోచినట్టు గీయి తల్లీ, అందంగా ఉంటే చాలు అన్నాను."

ఆ అమ్మాయి మీరు చెప్పినదే గీసింది. అందంగా గీసింది. ఎన్ని పుస్తకాలు పెట్టాలో, ఎంత డబ్బు ఉందో, ఎవరు వచ్చి కొంటారో మీరు చెప్పలేదు, తను అడగలేదు. చెప్పకపోవడానికి కారణం నాకు అర్థమైంది. ఉచితంగా చేసిపెడుతున్న పిల్లకి షరతులు పెట్టడమెలా అని మొహమాటపడ్డారు. అడగకపోవడం ఆ అమ్మాయి అనుభవలేమి. ఈ వృత్తిలో మొదటి పని గీయడం కాదు, గీయించుకునేవాళ్ళ చేత చెప్పించడం. దాన్ని వాళ్ళు బ్రీఫ్ అంటారు. మీ ఇద్దరి మధ్య అది జరగలేదు. కాబట్టి ఇప్పుడు మీరు చెప్పాల్సిన మాట "నీ డ్రాయింగులు బాగాలేవు" అన్నది కాదు. "నేను నీకు చెప్పాల్సినవి చెప్పలేదమ్మా" అన్నది. ఇది సర్దుబాటు కోసం అల్లిన మాట కాదు, జరిగిన నిజం. అందుకే నోరు విప్పడం మీరు భయపడినంత కష్టం కాదని నా నమ్మకం.

కానీ వెళ్ళి మాట్లాడే ముందు మీ దగ్గర లెక్కలుండాలి. నేను వేసి చూసినవి చెబుతాను, మీ జాబితాతో సరిచూసుకోండి.

మొదట డబ్బు. మీ బడ్జెట్ 14 లక్షలు అనుకుంటున్నారు. షాపు కట్టడానికి మీ దగ్గరున్నది అంత కాదు. 4,500 కాపీలకు సగటు ధర 180 రూపాయలు అనుకుంటే ముఖవిలువ 8 లక్షలు దాటుతుంది. ప్రచురణకర్తలు ఇచ్చే కమీషన్ పోను అయిదారు లక్షలైనా చేతి నుంచి పెట్టాలి. కొందరు అమ్మాక డబ్బు కట్టే పద్ధతిలో ఇస్తారు గానీ, కొత్త షాపుకి అందరూ అలా ఇవ్వరు. మొదటి ఆరు నెలలు కరెంటు బిల్లు, ఒక సహాయకురాలి జీతం, పార్శిల్ ఖర్చులకి ఒక రెండు లక్షలు పక్కన పెట్టాలి. మిగిలేది ఆరు, మహా అయితే ఏడు లక్షలు. మీ గదికి మీ బడ్జెట్ అది. మేస్త్రీ చెప్పిన 9 లక్షలు కూడా దానికి మించినదే.

ఇంకొక సంగతి చాలామందికి పని మొదలయ్యాక గానీ తెలియదు. అచ్చు పుస్తకాలకు జీఎస్టీ లేదు. పాఠకులకి అది మేలే. కానీ మీరు అమ్మే సరుకు మీద పన్ను లేదు కాబట్టి, ప్లైవుడ్ మీద మీరు కట్టే పన్నును వేరే వ్యాపారుల్లా వెనక్కి సర్దుబాటు చేసుకోలేరు. కాంట్రాక్టు పని మీద పడే 18 శాతం కూడా పూర్తిగా మీ ఖర్చే. ఆ 23 లక్షలు పన్నుతో కలిపి వేసిందో, విడిగానో అడగండి. మేస్త్రీ 9 లక్షల్లో వైరింగు, లైట్లు, రంగులు ఉన్నాయో లేదో కూడా అడగండి. మీరు పంపిన అతని కాగితంలో అవి నాకు కనిపించలేదు.

ఇక గది. కాసేపు తలుపు, కిటికీ వదిలేసి గోడల చుట్టుకొలత చూడండి. 84 అడుగులు. ముందువైపు, తలుపులకు 24 అడుగులు పోయినా 60 అడుగుల గోడ మిగులుతుంది. చేతికి అందే ఎత్తులో ఆరు అరలు వేస్తే 360 అడుగుల అర. మామూలు తెలుగు పుస్తకాలు అడుగుకి 15 దాకా పడతాయి. నిలువు పలకల మందం తీసేసినా ఐదు వేలు దాటుతాయి. అంటే మీ 4,500 పుస్తకాలు పైఅంతస్తు ముట్టుకోకుండా, స్లాబ్ కోయకుండా, ఈ ఒక్క గది గోడలకే సరిపోతాయి. గది నడుమ అంతా ఖాళీగా మనుషులకు వదిలేయొచ్చు. ముఖచిత్రం కనిపించేలా పెట్టాలనుకుంటే ఒక్కో పుస్తకం ఏడు పుస్తకాల చోటు తీసుకుంటుంది. అందుకే ఆ అమ్మాయి డ్రాయింగులో 1,200 మాత్రమే పట్టాయి. తను దాదాపు అన్నిటినీ ముఖం బయటికి పెట్టి గీసింది. కొత్తగా వచ్చినవాటికి, పిల్లల పుస్తకాలకి అది అవసరమే. మిగతావాటికి వెన్ను కనిపిస్తే చాలు. లైబ్రేరియన్‌కి నేను చెప్పాల్సిన పని లేదు.

అరల లోతు తను 15 అంగుళాలు వేసింది. డెమ్మీ సైజు (మామూలు నవల సైజు) పుస్తకం వెడల్పు అయిదున్నర అంగుళాలే. తొమ్మిదింపావు అంగుళాల లోతు చాలు. ఈ అంకె ఊరికే చెప్పడం లేదు. ఎనిమిదికి నాలుగడుగుల ప్లైవుడ్ షీటులోంచి 15 అంగుళాల పట్టీలు మూడే వస్తాయి, తొమ్మిదింపావు పట్టీలు అయిదు వస్తాయి. అరల పొడవు కూడా తను 5 అడుగులు వేసింది. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ మీద అంత పొడవున పుస్తకాలు పేరిస్తే రెండేళ్ళలో నడుం వంగుతుంది, ఎందుకంటే అడుగుకి ఆరు కిలోల దాకా బరువుంటుంది. మూడడుగుల లోపు ఉంచాలి. రెండడుగుల ఏడున్నర అంగుళాలు వేస్తే ఒక్కో పట్టీకి మూడు అరలు తెగుతాయి, చెక్క వృథా కాదు. ఇదంతా ఆ అమ్మాయి ముందు కూర్చుని చెబితే తను మీకన్నా వేగంగా అందుకుంటుంది. వడ్రంగి పక్కన నిలబడి చూసే అవకాశం తనకింకా వచ్చి ఉండదు, అంతే.

స్లాబ్ సంగతి మాత్రం వేరు. ఇది అందం, ఖర్చుల విషయం కాదు, భద్రత విషయం. 1989 నాటి ఇల్లు, సముద్రం కూతవేటు దూరంలో. ఉప్పుగాలికి కాంక్రీటు లోపలి ఇనుము తుప్పుపట్టి ఉబ్బి పెచ్చులూడటం మీ వీధిలోనే చూసుంటారు. అలాంటి స్లాబుకి మధ్యలో రంధ్రం పెట్టాలంటే స్ట్రక్చరల్ ఇంజనీరు వచ్చి, గోడలు బరువు మోస్తున్నాయా, స్తంభాలు మోస్తున్నాయా చూసి, లెక్క కట్టి, సంతకం పెట్టాలి. ఆర్కిటెక్ట్ చదువు వేరు, ఆ చదువు వేరు. మీ అమ్మాయి ఒక్కతే తేల్చకూడదు, మేస్త్రీ అసలే తేల్చకూడదు. పైన ఉంటున్నది మీరు, మీ అత్తగారు.

అలాగే ముందు ముందు షాపు పై గదిలోకి పెంచుదామని ఐదో పేజీలో రాశారు. ఇళ్ళ గదులకి మన ప్రమాణాల ప్రకారం చదరపు మీటరుకి సుమారు 200 కిలోల భారం లెక్కన స్లాబు వేస్తారు. షాపులకి అది 400. పుస్తకాలు నిల్వచేసే స్టాక్ గదికి, 2.2 మీటర్ల ఎత్తు రాకులకే 600. పుస్తకం చేతిలో తేలిక, గదిలో చాలా బరువు. పై గదిలో నడుమ రెండువైపుల రాకులు వరసగా నిలబెట్టవద్దు. పైకి వెళ్ళాల్సి వస్తే రాకులు గోడల వెంట ఉండాలి, అది కూడా ఇంజనీరు చూశాకే.

గాజు గురించి కూడా చెప్పాలి. మీ ముఖద్వారం తూర్పు. ఉదయం ఎండ నేరుగా ముఖచిత్రాల మీద పడుతుంది. ఎరుపు, పసుపు ముందు వెలిసిపోయి అట్టలన్నీ నీలంగా మిగులుతాయి. ఎండ తగిలే కిటికీలో పెట్టిన పుస్తకాలకు ఆ గతే పట్టడం నేను పనిచేసిన చోట ఎన్నోసార్లు చూశాను, తర్వాత వాటిని సగం ధరకి ఇచ్చినా తీసుకోరు. ఇంకో మాట, 2014 అక్టోబరు 12. హుద్‌హుద్ తుఫాను రోజు విశాఖలో ఉన్నవాళ్ళకి నేల నుంచి పైదాకా గాజు అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. ఆ అమ్మాయి అప్పటికి చిన్నపిల్ల. మీకు గుర్తుంది కదా, ఆ రోజు మీ ఇంట్లో ఏమైందో కూర్చోబెట్టి చెప్పండి. డ్రాయింగు మారడానికి అంతకన్నా మంచి కారణం అక్కర్లేదు. సగం ఎత్తు గాజు, పైన ఎండ ఆపే చూరు, బయట షట్టర్ పెట్టినా వీధిలో పోయేవాళ్ళకి పుస్తకాలు కనిపిస్తాయి.

ఇన్ని తప్పులు చెప్పాను కాబట్టి ఆ షీట్లలో నన్ను కదిలించినవి కూడా చెప్పాలి. ర్యాంపు. మీ గుమ్మం నేల నుంచి అడుగున్నర ఎత్తు. తను పక్కసందులో 18 అడుగుల పొడవున వాలు గీసింది. అంగుళం ఎత్తుకి 12 అంగుళాల పొడవు, చక్రాల కుర్చీ వెళ్ళాలంటే ఉండాల్సిన కొలత సరిగ్గా అదే. మేస్త్రీ "మూడడుగుల్లో వేసేస్తా" అన్నది ఆ ర్యాంపు గురించే. అంత నిటారు వాలు మీద పెద్దవయసు మనిషి నిలదొక్కుకోలేడు. తెలుగు పుస్తకాలు కొనేవాళ్ళలో పెద్దవయసువాళ్ళు ఎంతమందో మీకు తెలుసు. మోకాళ్ళ నొప్పులతో మెట్లు ఎక్కలేక వీధిలోంచే వెనుదిరిగే మనిషిని ఆ 24 ఏళ్ళ పిల్ల ఊహించింది. కిటికీ పక్క అరుగు కూడా అంతే. కొనకుండా కాసేపు చదివి వెళ్ళే కాలేజీ పిల్లలకి చోటు పెట్టింది. షాపు నిలబడేది ఇలాంటివాటి మీదే. స్లాబు, గాజుతో పాటు మేస్త్రీ తన చౌక లెక్కలో కోసేసింది ఈ రెండిటినే.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

ఉన్నదున్నట్టు కట్టడం. తమ్ముడింట్లో అందరూ సంతోషిస్తారు. మీరు తొమ్మిది లక్షలు అప్పు చేయాలి, అప్పు చేసినా సరుకు కొనడానికి డబ్బు ఉండదు. ఖాళీ అరలతో షాపు తెరిస్తే వచ్చినవాళ్ళు మళ్ళీ రారు. ఏడాదికి మూసేయాల్సి వస్తే ఎక్కువ బాధపడేది ఆ అమ్మాయే. ఈ దారిని నేను సమర్థించలేను.

మీవారు చెప్పినట్టు, చెప్పకుండా మేస్త్రీ చేత కట్టించడం. డబ్బు పరంగా కొంత తేలిక. కానీ ప్రారంభోత్సవం రోజున ఆ అమ్మాయి స్నేహితులతో గుమ్మంలోకి వచ్చిన క్షణం ఊహించుకోండి. తను గీసిన తలుపు ఉంటుంది, ర్యాంపు ఉండదు. తనని పూర్తిగా వద్దన్నా అంత బాధ ఉండదు. చట్టం మాటకొస్తే, 1957 నాటి కాపీరైట్ చట్టం కింద ఆర్కిటెక్ట్ డ్రాయింగులు కూడా కళాకృతులే. వేరే ఒప్పందం రాసుకోనంతవరకు అవి గీసినవాళ్ళవే, మీకోసం గీసినా సరే. మేనకోడలు మీ మీద కోర్టుకి వెళ్ళదు. కానీ ఆ షీట్లు మీ చేతిలో ఉన్నంత మాత్రాన ఎవరికైనా ఇచ్చేయొచ్చని మీవారు అనుకోవడం మాత్రం పొరపాటు.

తన దగ్గరికే మళ్ళీ వెళ్ళడం. నాకు ఎక్కువ నచ్చిన దారి ఇదే, అయినా దీనికీ ఖరీదుంది. ఒకటి రెండు నెలలు ఆలస్యమవుతుంది. మొదటి రోజు కన్నీళ్ళు రావచ్చు. తను ఆ రెండంతస్తుల ఎత్తు గోడని వదలడానికి ఒప్పుకోకపోవచ్చు కూడా. ఒప్పుకుంటే మాత్రం, ఈ ఊళ్ళో మీ గది గురించి తనకి తెలిసినంత ఇంకే ఆర్కిటెక్టుకీ తెలియదు. ఇంచు ఇంచు కొలిచింది తనే.

వెళ్ళేటప్పుడు ఫీజు మాట తీసుకుని వెళ్ళండి. చీర, బంగారు గాజులు పెడదామనుకుంటున్నానని రాశారు. పెట్టండి, కానీ అవి ఫీజు కాదు. మీరు డబ్బు ఇవ్వలేదు కాబట్టే "ఇది మార్చు" అని అనలేకపోయారు. తను తీసుకోలేదు కాబట్టే "అత్తా, నీ బడ్జెట్ ఎంత" అని వ్యాపారంగా అడగలేకపోయింది. ఇప్పటిదాకా చేసిన పనికి ఒక మొత్తం, కొత్త డ్రాయింగులకి ఒక మొత్తం, పని జరిగేటప్పుడు వచ్చి చూసినందుకు ఒక మొత్తం, మూడు దఫాలుగా కాగితం మీద రాసుకోండి. తను చేస్తున్న ఉద్యోగంలో బయటి పని చేయనిస్తారో లేదో కూడా అప్పుడే కనుక్కోండి. అనుమతి కాగితాల మీద ఎవరు సంతకం పెడతారన్నది దాన్ని బట్టే ఉంటుంది.

వేరే ఆర్కిటెక్ట్ దగ్గరికి వెళ్ళడం ఇంకో దారి. మేనకోడలికి చేసిన పని మేరకు ఫీజు ఇచ్చి, విషయం ముఖాముఖి చెప్పి, ఆ తర్వాత వెళ్ళాలి. మంచి ఆర్కిటెక్ట్ అయితే మొదట అడిగేది కూడా అదే, ముందు చేసినవాళ్ళతో తేల్చుకుని వచ్చారా అని. చుట్టరికం, పని వేరుపడతాయి, కొంతమందికి అదే హాయి. మీ తమ్ముడి మాటతీరు గురించి మీరు రాసినదాన్ని బట్టి చూస్తే, మీ కుటుంబంలో ఇది తేలిగ్గా మానే గాయం కాదనిపిస్తోంది. ఆ అంచనా మీకే బాగా తెలుసు.

చివరిది, నాకు మనసుకి దగ్గరగా ఉన్నది: ఏమీ కట్టకుండా ఆరు నెలలు నడపడం. గదికి సున్నం వేయించి, నాలుగు ఫ్యాన్లు పెట్టి, పాత రాకులు కొనో అద్దెకు తెచ్చో రెండు వేల పుస్తకాలతో తెరవండి. రాకులు గోడకి రెండంగుళాలు, నేలకి ఆరంగుళాలు ఎడంగా పెట్టండి, చెమ్మ, చెదలు పట్టకుండా. ఇనుప రాకులైతే ఉప్పుగాలికి తుప్పు అంటి పుస్తకం అడుగున మరకలు పడతాయి, రంగు వేయించండి. ఆరు నెలల్లో మీకు తెలిసేవి ఏ డ్రాయింగులోనూ దొరకవు. పిల్లలు ఎక్కడ చతికిలబడతారు, ఆర్టీసీ కార్గోలో వచ్చిన కట్టలు ఎక్కడ విప్పుతారు (ఆ ఐదు షీట్లలో కట్టలు విప్పే చోటు లేదు, నేనున్న షాపులో రోజూ మధ్యాహ్నం గంట ఆ పనే), బిల్లు రాస్తూ తలెత్తితే మీకు ఏ మూల కనిపించడం లేదు. మేనకోడల్ని శనివారాలు వచ్చి కూర్చోమనండి. అప్పుడు గీసేది మీ షాపవుతుంది. నష్టం ఏమిటంటే, సగం సగంగా తెరిచిన షాపుకి మొదటి రోజు రావాల్సిన జనం రాకపోవచ్చు. మీవారు "ఇదేనా" అనవచ్చు. మీకు ఓపిక కావాలి.

ఏ దారిలో వెళ్ళినా ఇంటి గదిని షాపుగా మార్చడానికి అనుమతి సంగతి ముందే మీ మున్సిపల్ కార్పొరేషన్‌లో ప్లానింగ్ చూసేవారిని అడగండి. కరెంటు మీటరు గృహ కేటగిరీ నుంచి వాణిజ్యానికి మారాలి, ఇంటి పన్ను కూడా మారుతుంది. ఇవి చిన్నవే, కానీ మళ్ళీ మళ్ళీ వచ్చే ఖర్చులు.

ఇక మాట్లాడటం గురించి. ఫోన్లో వద్దు, వాట్సాప్‌లో అసలు వద్దు. తమ్ముడూ మరదలూ ఉన్న గదిలో కూడా వద్దు. వాళ్ళు కూతురి తరఫున మాట్లాడతారు, ఆ పిల్ల నోరు విప్పలేదు. తనని ఒక్కదాన్నే ఖాళీ గదికి రమ్మనండి. టేపు, సుద్దముక్క, మీ పుస్తకాల జాబితా, ఓ పది అట్టపెట్టెలు చాలు. తను గీసిన ప్లాన్‌ని అదే కొలతలతో నేల మీద సుద్దతో గీయమనండి. మెట్లున్న చోట పెట్టెలు పేర్చండి. ఇద్దరూ అందులో నడవండి. మీరు కొనడానికి వచ్చిన మనిషిలా తలుపు దగ్గర నుంచి మొదలుపెట్టండి, తను కౌంటర్ దగ్గర కూర్చోవాలి. స్పైరల్ మెట్లు గదిలో ఎంత చోటు తింటున్నాయో మీరు చెప్పక్కర్లేదు, తనకే కనిపిస్తుంది. కాగితం మీద అంగుళాల్లో ఉన్నది కాళ్ళకి అడుగుల్లో తగులుతుంది. తర్వాత అక్కడే నేల మీద కూర్చుని ఇలా మొదలుపెట్టొచ్చు: "అందంగా ఉంటే చాలన్నాను, అది తప్పు. నాకు నాలుగున్నర వేల పుస్తకాలు పెట్టాలి, గదికి ఆరు లక్షలే ఉన్నాయి. నీ ర్యాంపు, నీ అరుగు ఉండాలి. ఈ మూడిటితో మళ్ళీ గీస్తావా? ఈసారి ఫీజుకి."

తను కాదనవచ్చు. ఆ ఐదు షీట్లు తను తన దగ్గర ఉంచుకుని పని కోసం వెళ్ళిన చోట చూపించుకోవచ్చు, కట్టనివైనా సరే. ఆ మాట మీరే ముందు చెప్పండి. మొదటి పని వృథా కాలేదన్న ధైర్యం తనకి అవసరం.

మేస్త్రీ దగ్గరున్న ఆ రెండు జిరాక్సు షీట్లు మాత్రం ఈ వారమే వెనక్కి తీసుకోండి. ఆ విషయం అమ్మాయికి మీరే చెప్పాలి, అదీ మొదటి పది నిమిషాల్లోనే, సుద్దముక్క తీసే ముందే. ఆ మేస్త్రీ మీ వీధివాడేనని రాశారు. రేపు ర్యాంపు కొలవడానికి తను సందులో నిలబడితే, "అమ్మగారు బొమ్మలు నాకెప్పుడో ఇచ్చారు కదా" అని అతను అనడానికి ఎంతోసేపు పట్టదు.